పందుల సంవర్ధన క్షేత్రాలలో సాల్మొనెల్లా నియంత్రణ

పందుల సంవర్ధన క్షేత్రాలలో సాల్మొనెల్లా నియంత్రణ అనగా తల్లి పందులను పోషించి, వాటి పిల్లలను ఇతర పెంపకందారులకు అందజేసే క్షేత్రాలలో సాల్మొనెల్లా అనే బాక్టీరియాను దాణా పద్ధతుల ద్వారా, టీకాల ద్వారా, పరిశుభ్రత ద్వారా తగ్గించే ప్రయత్నం. ఈ బాక్టీరియాను మోస్తున్న పందులలో అధిక భాగం ఆరోగ్యంగానే కనిపిస్తాయి. చక్కగా మేస్తాయి, బరువు పెరుగుతాయి, పిల్లలను ఈనుతాయి. కనుక ఒక సంవర్ధన క్షేత్రంలో ఈ క్రిమి స్థిరపడితే అక్కడి నుండి బయలుదేరే ప్రతి పిల్లతోపాటు అది కూడా బయలుదేరుతుంది. పిల్లలను కొని తెచ్చుకున్న కుటుంబానికిగాని, ఆ మాంసం తినే వారికిగాని ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. నియంత్రణను మాంసం దుకాణంలో కాక తల్లి పంది దగ్గర మొదలుపెట్టాలని పశువైద్యులు చెప్పడానికి కారణం ఇదే.

బాక్టీరియా - పేరు వెనుక కథ

సాల్మొనెల్లా చరిత్ర పందితోనే మొదలైనది. 1885లో అమెరికా ప్రభుత్వ పశు పరిశ్రమ విభాగంలో థియొబాల్డ్ స్మిత్ అనే యువ శాస్త్రవేత్త జబ్బుపడిన పందుల నుండి ఒక కడ్డీ ఆకారపు బాక్టీరియాను వేరుచేశాడు. ఆ విభాగానికి అధిపతి పశువైద్యుడైన డేనియల్ ఎల్మర్ సాల్మన్. తరువాత 1900లో ఫ్రెంచి శాస్త్రవేత్త లిన్యేర్ ఈ ప్రజాతికి సాల్మన్ పేరు మీదుగా సాల్మొనెల్లా అని పేరు పెట్టాడు. పేరును బట్టి సాల్మన్ చేపతో దీనికి సంబంధం ఉందని కొందరు అనుకుంటారు గాని, అటువంటిదేమీ లేదు.

స్మిత్, సాల్మన్ ఆ బాక్టీరియాయే పందులలో మహమ్మారిగా వచ్చే స్వైన్ ఫీవరుకు కారణమని నమ్మారు. అది పొరపాటు. స్వైన్ ఫీవరుకు కారణం వైరస్ అని 1903-04 నాటి పరిశోధనలలో తేలింది. స్వైన్ ఫీవరుతో బలహీనపడిన పందిలో సాల్మొనెల్లా చేరి విజృంభించడం వలన వారు ఆ విధంగా భ్రమపడ్డారు. ఈ క్రమంలోనే 1886లో వారు వేడిచేసి చంపిన బాక్టీరియాను పావురాలకు ఎక్కించి, అవి ఆ వ్యాధిని తట్టుకోగలగడం చూపారు. చంపిన క్రిములతో టీకా తయారుచేయవచ్చునని ఋజువు చేసిన తొలి ప్రయోగాలలో ఇది ఒకటి.

నేడు సాల్మొనెల్లాలో రెండు జాతులను గుర్తిస్తున్నారు. వాటిలో ఎంటెరికా అనే జాతిలోనే 2,500కు పైగా ఉపరకాలు ఉన్నాయి. పందులకు సంబంధించి ముఖ్యమైనవి కొన్నే. కొలెరేసూయిస్ అనే రకం ప్రధానంగా పందికే అలవాటుపడినది. ఇది రక్తంలో చేరి జ్వరం, న్యుమోనియా, చెవులు నీలంగా మారడం, మరణం కలిగిస్తుంది. టైఫీమ్యూరియం, డెర్బీ వంటి రకాలు పందిలో ఎక్కువగా నిశ్శబ్దంగా ఉంటాయి, లేదా పిల్లలలో విరేచనాలు కలిగిస్తాయి. మనుషులకు మాంసం ద్వారా చేరి వాంతులు, విరేచనాలు, జ్వరం కలిగించేవి ఇవే. విద్యార్థులు తరచు తికమకపడే విషయం ఒకటి ఉన్నది. మనుషులలో టైఫాయిడ్ కలిగించే టైఫీ రకం కూడా సాల్మొనెల్లాయే అయినా, అది మనిషికి మాత్రమే సోకుతుంది. టైఫాయిడ్ పందుల నుండి రాదు.

కొల్లేరు పరిసరాలలో పందుల పెంపకం

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న కొల్లేరు సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైన ఏరులు వచ్చి చేరతాయి. మిగులు నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతుంది. ఈ ప్రాంతపు వ్యవసాయమంతా వరి, చేపల చెరువుల మీద ఆధారపడినది. పందుల పెంపకం ఇక్కడ ప్రధాన వృత్తి ఎన్నడూ కాదు. ఎరుకల వంటి కొన్ని సామాజిక వర్గాల కుటుంబాలకు అది తరతరాల జీవనాధారం. సంత ఖర్చుకు, పిల్లల చదువుకు, పెళ్ళికి అక్కరకు వచ్చే చరాస్తి వారికి పందే. అటువంటి ఇంట నాలుగు పిల్లలు చనిపోతే ఆ నష్టం చిన్నదేమీ కాదు.

మన ఊరపందులు నల్లగా, చిన్నగా ఉండి, దొరికినది తిని బ్రతుకుతాయి. వీటి స్థానంలో త్వరగా పెరిగే మేలుజాతి పందులను ప్రవేశపెట్టాలని రెండవ, మూడవ పంచవర్ష ప్రణాళికల కాలంలో కేంద్ర ప్రభుత్వం ప్రాంతీయ సంవర్ధన క్షేత్రాలను, వాటికి అనుబంధంగా బేకన్ కర్మాగారాలను నెలకొల్పే పథకం చేపట్టింది. ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్, పశ్చిమ బెంగాల్‌లోని హరింఘాటా, బొంబాయి దగ్గరి బోరివలి మొదలైనవాటితో పాటు ఏలూరుకు విజయవాడ దారిలో ఉన్న గన్నవరం కూడా ఈ పథకంలో చోటు చేసుకున్నది. లార్జ్ వైట్ యార్క్‌షైర్ జాతి ఈ విధంగానే మన పల్లెలకు పరిచయమైనది. గన్నవరంలో 1998లో పశువైద్య కళాశాల ఏర్పడింది. 2005 నుండి అది తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్నది. పందులపై అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం 1970-71లో ప్రారంభమైనప్పుడు ఎంచుకున్న కేంద్రాలలో తిరుపతి ఒకటి.

ఈ ఏర్పాటులో ఒక సుగుణం, ఒక ప్రమాదం రెండూ ఇమిడి ఉన్నాయి. ఒక క్షేత్రం నుండి మంచి జాతి పిల్లలు అనేక గ్రామాలకు చేరతాయి. అదే దారిన ఆ క్షేత్రంలో ఉన్న క్రిమి కూడా చేరుతుంది. ఐరోపాలో దీనిని పిరమిడ్‌తో పోలుస్తారు. శిఖరాన ఉన్న కొద్ది క్షేత్రాలు కలుషితమైతే అడుగునున్న వేల క్షేత్రాలను శుభ్రపరచడం వృథా ప్రయాస అవుతుంది. 2008లో ఐరోపా సమాఖ్య దేశాలలో జరిపిన సర్వేలో సంవర్ధన క్షేత్రాలలో 28.7 శాతం, పిల్లలను ఉత్పత్తి చేసే సాధారణ క్షేత్రాలలో 33.3 శాతం సాల్మొనెల్లా కలిగి ఉన్నట్లు తేలింది. ధనిక దేశాలలో, సకల సదుపాయాల నడుమ ఉన్న పరిస్థితి ఇది.

వ్యాప్తి

సాల్మొనెల్లా పంది పెంటలో బయటకు వచ్చి, నోటి ద్వారా మరొక పందిలో ప్రవేశిస్తుంది. ఎండిన పెంటలోను, గోడల పగుళ్ళలోను నెలల తరబడి బ్రతికి ఉండగలదు. ఎలుకలు, ఈగలు, పిచ్చుకలు, కాకులు, మనుషుల చెప్పులు దీనికి వాహనాలు. ఒకసారి సోకిన పందిలో ఇది గొంతులోని టాన్సిల్స్‌లోను, ప్రేగులను అంటిపెట్టుకొని ఉండే లింఫ్ గ్రంథులలోను దాగి ఉంటుంది. అట్టి పంది పెంటను పరీక్షిస్తే చాలాసార్లు ఏమీ దొరకదు. కాని ఆ పందిని లారీలో ఎక్కించినా, ఎండ దెబ్బ తగిలినా, ఈనిక సమయం వచ్చినా, కొత్త పందులతో కలిపినా క్రిమి మళ్ళీ బయటపడుతుంది. కబేళా దగ్గర కలుషితమైన దొడ్డిలో వేచి ఉన్న పందులకు రెండు మూడు గంటలలోనే ఇది సోకగలదని అమెరికాలో చేసిన ప్రయోగాలలో నిరూపించారు.

తల్లి నుండి పిల్లకు చేరే తీరు తెలుసుకోదగినది. ఈనిన వెంటనే పిల్లలు త్రాగే ముర్రుపాలలో తల్లి ప్రతిరక్షకాలు ఉంటాయి. అవి పిల్లలను కొన్ని వారాలు కాపాడతాయి. పాలు మాన్పించే నాటికి ఆ రక్షణ తగ్గిపోతుంది. అదే సమయంలో తల్లి ఎడబాటు, కొత్త దాణా, కొత్త దొడ్డి, ఇతర ఈతల పిల్లలతో కలయిక అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. సాల్మొనెల్లా పిల్లలలో తల ఎత్తేది ఎక్కువగా ఈ పాలు మాన్పించిన తరువాతి వారాలలోనే. నియంత్రణ పద్ధతులన్నీ ఈ గడ్డు కాలాన్ని దృష్టిలో ఉంచుకొని రూపొందినవే.

కొల్లేరు వంటి పల్లపు ప్రాంతంలో నీరు కూడా ఒక మార్గం. చేపల చెరువులలో ఎరువుగా వేసే కోళ్ళపెంటలో సాల్మొనెల్లా ఉండే అవకాశం ఉన్నది. గట్ల వెంబడి తిరిగే పందికి అది అందుబాటులో ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తిన తరువాత ఆ నీరు కొల్లేరు లంక గ్రామాల మీదికి వచ్చింది. అటువంటి వరదలో ఒక దొడ్డి పెంట మరొక దొడ్డిలోకి చేరడానికి అడ్డేమీ ఉండదు.

దాణా ద్వారా ప్రవేశం

క్షేత్రంలో లేని కొత్త రకం సాల్మొనెల్లా ఉన్నట్టుండి కనబడినదంటే మొదట అనుమానించవలసినది కొత్తగా తెచ్చిన పందులను, తరువాత దాణాను. దీనికి చరిత్రలో ప్రసిద్ధమైన ఉదాహరణ చేపల పొడి. 1970 ప్రాంతంలో పెరూ దేశం నుండి ఎగుమతి అయిన చేపల పొడి ద్వారా అగోనా అనే రకం అమెరికా, బ్రిటన్ మొదలైన దేశాలలో ప్రవేశించింది. మొదట పశుపక్ష్యాదులలో, అక్కడి నుండి మనుషులలో వ్యాపించింది. అంతకు ముందు ఆ దేశాలలో అది అరుదైన రకం. కొద్ది సంవత్సరాలలోనే సాధారణంగా కనిపించే రకాలలో చేరిపోయింది.

చేపల పొడిని తయారుచేసేటప్పుడు ఉడికిస్తారు కదా, క్రిమి ఎలా మిగిలింది అన్న ప్రశ్న సహజం. ఉడికినప్పుడు చస్తుంది. ఉడికిన తరువాత చల్లారబోసిన చోట, గోనెసంచులలో, గిడ్డంగులలో పక్షుల రెట్టల వలన, ఎలుకల వలన, దుమ్ము వలన మళ్ళీ చేరుతుంది. నేలమీద ఆరబోసిన ఎండుచేపలకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. చేపలు విరివిగా దొరికే కొల్లేరు ప్రాంతంలో తిండికి పనికిరాని ఎండుచేపలను, చేపల వ్యర్థాలను పందులకు వేయాలనిపించడం సహజం. మాంసకృత్తులకు అవి మంచివే. ఉడికించి, చల్లారిన వెంటనే వేయాలి. నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క, సోయా చెక్క విషయంలోను ఇదే సూత్రం వర్తిస్తుంది. కర్మాగారపు వేడిలో శుభ్రపడిన సరుకు నిలవలో పాడవుతుంది. తాడేపల్లిగూడెం వంటి బియ్యపు మిల్లుల కేంద్రాల నుండి తవుడు, నూకలు ఈ ప్రాంతానికి సులభంగా అందుతాయి కనుక, నెలల తరబడి నిలవచేయక అవసరం మేరకే తెచ్చుకోవడం ఇక్కడి వారికి సాధ్యమైన పని. వేసవిలో తవుడు ముక్కిపోకుండా ఉండడానికి కూడా ఇది మేలు.

హోటళ్ళ మిగులు అన్నం, కూరలు వేసి పెంచేవారు వాటిని కనీసం అరగంట పాటు కలియబెడుతూ మరిగించాలి. ఇది సాల్మొనెల్లాకే కాక, 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మొదటిసారి మన దేశంలో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవరుకు కూడా రక్షణ.

దాణా ద్వారా నియంత్రణ

దాణా కేవలం క్రిమిని తేవడమే కాదు, క్రిమిని ఆపగలదు కూడా. ఈ విషయంలో మొదట ఆశ్చర్యం కలిగించేది దాణా రూపం. గుళికల దాణాను తయారీలో ఆవిరితో వేడిచేస్తారు కనుక దానిలో క్రిములు తక్కువగా ఉంటాయి. అయినా మెత్తగా మరపట్టి గుళికలుగా చేసిన దాణా తిన్న పందులలో కంటే, బరకగా ఆడించిన పొడి దాణా తిన్న పందులలోనే సాల్మొనెల్లా తక్కువగా ఉన్నట్లు డెన్మార్క్ తదితర దేశాలలో పదే పదే గమనించారు. కారణం కడుపులో ఉన్నది. బరక దాణా జీర్ణాశయంలో ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ నిలిచిన సమయంలో అక్కడ లాక్టిక్ ఆమ్లం వంటివి ఎక్కువగా తయారై, సాల్మొనెల్లా ప్రేగులకు చేరకముందే నశిస్తుంది. మెత్తని దాణా త్వరగా జారిపోతుంది. బరక దాణా వలన జీర్ణాశయపు పుండ్లు కూడా తగ్గుతాయి. అయితే అదే బరువు పెరగడానికి పంది కొంచెం ఎక్కువ దాణా తింటుంది. ఈ ఖర్చును లెక్కవేసుకొని నిర్ణయించుకోవలసి ఉంటుంది.

రెండవ పద్ధతి పులిసిన ద్రవ దాణా. ఐరోపాలో దీనిపై విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. కోస్తా పల్లెలలో పుట్టిపెరిగిన వారికి ఇది కొత్తగా తోచదు. గంజి పులియబెట్టి తరవాణి చేసుకున్నట్లే, పందుల కోసం కుడితిని పులియబెట్టడమే ఈ పద్ధతి. ఒక వంతు దాణాకు రెండున్నర మూడు వంతుల నీరు కలిపి ఉంచితే లాక్టిక్ బాక్టీరియా పెరిగి, ఉదజని సూచిక 4 దగ్గరకు దిగుతుంది. అంతటి పులుపులో సాల్మొనెల్లా నిలవలేదు. అయితే దీనిలో ఒక మెలిక ఉన్నది. తొట్టి కట్టిన మొదటి రోజు, పులుపు ఎక్కకముందు, అవాంఛిత క్రిములే ముందుగా పెరుగుతాయి. అందువలన మొదటి రెండు మూడు రోజుల కుడితిని వేయకుండా ఆగాలి. పులుపు కుదిరిన తరువాత కొంత పాత కుడితిని అడుగున మిగిల్చి, దానిపై కొత్తది కలపాలి. తరవాణి కుండను పూర్తిగా ఖాళీ చేయకపోవడంలోని కిటుకు ఇదే. మరొక జాగ్రత్త: మొత్తం దాణాను పులియబెడితే దానిలో కలిపిన లైసిన్ వంటి అమైనో ఆమ్లాలు కొంత నశిస్తాయి. కనుక నూకలు, మొక్కజొన్న వంటి ధాన్యాన్ని మాత్రమే పులియబెట్టి, మాంసకృత్తుల భాగాన్ని వేసేముందు కలపడం మంచిది.

మూడవది సేంద్రియ ఆమ్లాలను దాణాలోగాని, త్రాగునీటిలోగాని కలపడం. ఫార్మిక్, లాక్టిక్, బెంజోయిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు ఇందుకు వాడతారు. పాలు మాన్పించిన పిల్లలకు బెంజోయిక్ ఆమ్లం టన్ను దాణాకు 5 కిలోల చొప్పున ఐరోపాలో అనుమతించబడినది. ఈ ఆమ్లాల పనితీరు రసాయన శాస్త్ర విద్యార్థులకు ఆసక్తికరం. పుల్లని పరిసరాలలో ఆమ్ల అణువు విడిపోకుండా ఉండి, బాక్టీరియా పొరగుండా లోపలికి దూరుతుంది. లోపల ఆమ్లత తక్కువ కనుక అక్కడ విడిపోయి ఉదజని అయానును వదులుతుంది. దానిని బయటకు తోడిపోయడంలో బాక్టీరియా తన శక్తినంతా ఖర్చు చేసుకుంటుంది. మామూలు ఆమ్లం జీర్ణాశయం దాటేలోపు ఖర్చయిపోతుంది. అందువలన ప్రేగుల దిగువ భాగానికి చేరవలసిన బ్యుటిరిక్ ఆమ్లానికి కొవ్వు పూత పూస్తారు.

ఒకప్పుడు ఈ పనులన్నింటికీ బదులుగా దాణాలో యాంటీబయాటిక్ కలిపేవారు. దాని వలన మందులకు లొంగని సాల్మొనెల్లా రకాలు పెరిగాయి. ఐరోపా సమాఖ్య పెరుగుదల కోసం యాంటీబయాటిక్‌లు కలపడాన్ని 2006 జనవరి 1 నుండి నిషేధించింది. భారతదేశంలో కొలిస్టిన్ అనే కీలకమైన మందును ఆహారానికి పెంచే జంతువులలో వాడరాదని 2019 జులైలో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

టీకాలు

సాల్మొనెల్లా శరీరంలోని భక్షక కణాల లోపలే దాగి బ్రతకగలదు. కేవలం రక్తంలోని ప్రతిరక్షకాలు దానిని అక్కడ పట్టుకోలేవు. కాబట్టి చంపిన టీకా కంటే, బలహీనపరచిన సజీవ టీకా కణసంబంధమైన రక్షణను మెరుగ్గా కలిగిస్తుంది. అమెరికాలో కొలెరేసూయిస్‌పై సజీవ టీకా, జర్మనీ తదితర ఐరోపా దేశాలలో టైఫీమ్యూరియంపై సజీవ టీకా వాడుకలోకి వచ్చాయి.

సంవర్ధన క్షేత్రంలో టీకా తల్లికి వేయడంలోనే ఎక్కువ ప్రయోజనం ఉన్నది. ఈనడానికి 6 వారాల ముందు ఒకసారి, 3 వారాల ముందు మరొకసారి వేస్తారు. పంది చూడి కాలం సుమారు 114 రోజులు కనుక ఇవి 72వ, 93వ రోజులకు దగ్గరగా వస్తాయి. తల్లి పెంటలో క్రిమి తగ్గుతుంది, ముర్రుపాలలో ప్రతిరక్షకాలు పెరుగుతాయి. పిల్లలకు నోటి ద్వారా టీకా వేయడం మరొక మార్గం. సజీవ టీకాను నీటిలో కలిపి ఇచ్చేటప్పుడు ఆ నీటిలో క్లోరిన్ ఉండరాదు. ఆ రోజులలో యాంటీబయాటిక్ ఇస్తే టీకాలోని క్రిమి కూడా చచ్చి శ్రమ వృథా అవుతుంది.

టీకా పరిమితులను కూడా చెప్పవలసి ఉన్నది. ఒక వర్గపు సాల్మొనెల్లాపై వేసిన టీకా మరొక వర్గంపై పాక్షికంగానే పనిచేస్తుంది. కనుక క్షేత్రంలో ఏ రకం ఉన్నదో ముందు తెలుసుకోవాలి. టీకా జబ్బును, పెంటలో వచ్చే క్రిముల సంఖ్యను తగ్గిస్తుంది గాని పూర్తిగా నిర్మూలించదు. పైగా టీకా వేసిన పంది రక్తంలోను, సహజంగా సోకిన పంది రక్తంలోను ఒకే విధమైన ప్రతిరక్షకాలు కనిపించడం వలన రక్తపరీక్షతో క్షేత్రాన్ని అంచనా వేయడం కష్టమవుతుంది. మన ప్రాంతంలో పందులకు టీకా అనగానే ముందు వరుసలో నిలిచేవి స్వైన్ ఫీవరు, గాలికుంటు టీకాలు. స్వైన్ ఫీవరు సాల్మొనెల్లాకు దారి తీస్తుందని స్మిత్ కాలం నుండి తెలిసినదే గనుక, ఆ టీకా క్రమం తప్పకుండా వేయించడం కూడా పరోక్షంగా సాల్మొనెల్లా నియంత్రణే.

పరీక్షలు

ఒక్కొక్క పంది పెంటను పరీక్షించడం కంటే దొడ్డి మొత్తానికి కలిపి తీసిన నమూనా ఎక్కువ సమాచారం ఇస్తుంది. బూట్లకు గుడ్డ తొడిగి దొడ్డిలో నడిచి, ఆ గుడ్డను పరీక్షకు పంపడం తేలికైన పద్ధతి. ప్రయోగశాలలో దానిని మొదట పెప్టోన్ నీటిలో, తరువాత సాల్మొనెల్లా మాత్రమే తట్టుకోగల ద్రావణంలో పెంచి, ఎక్స్.ఎల్.డి. అగార్ పళ్ళెంపై వేస్తారు. ఎర్రని అంచు, నల్లని నడిమి భాగం గల చుక్కలు కనిపిస్తే అనుమానించి, రకాన్ని నిర్ధారిస్తారు. మొత్తం ప్రక్రియకు నాలుగైదు రోజులు పడుతుంది. ఒక్కసారి ఏమీ దొరకకపోతే క్షేత్రం శుభ్రంగా ఉన్నదని భావించరాదు.

ఇతర దేశాల అనుభవం

1953లో స్వీడన్‌లోని అల్వేస్టా కబేళా నుండి వెలువడిన మాంసం వలన సుమారు 9,000 మంది జబ్బుపడి, 90 మంది మరణించారు. ఆ దుర్ఘటన ఫలితంగా 1961 నుండి అక్కడ దాణా మొదలుకొని మాంసం వరకు నియంత్రణ అమలులోకి వచ్చింది. కలుషితమైన మంద దొరికితే రాకపోకలు ఆపి శుభ్రపరచడం వారి పద్ధతి. డెన్మార్క్ 1995లో దేశవ్యాప్త కార్యక్రమం ప్రారంభించింది. కబేళాలో మాంసపు ముక్కను గడ్డకట్టించి కరిగించగా కారిన రసంలో ప్రతిరక్షకాలను కొలిచి, మందలను మూడు స్థాయిలుగా విభజించారు. బరక దాణా, ఆమ్లాలు, పులిసిన దాణా వంటివి సామాన్య రైతుల వాడకంలోకి రావడానికి ఈ విభజన తోడ్పడింది.

చిన్న పెంపకందారులు పాటించదగినవి

పది పదిహేను పందులున్న ఇంటికి పైన చెప్పినవన్నీ సాధ్యం కావు. టీకా దొరకకపోవచ్చు, ఆమ్లాల ఖరీదు భరించలేకపోవచ్చు. బరకగా ఆడించిన నూకలు, మొక్కజొన్న, పులిసిన కుడితి, మరిగించిన చేప వ్యర్థాలు మాత్రం ఖర్చు లేనివి. కొని తెచ్చిన పిల్లలను మూడు నాలుగు వారాలు వేరే దొడ్డిలో ఉంచడం, పిల్లలున్న దొడ్డి పని ముందు ముగించుకొని తరువాత పెద్ద పందుల దొడ్డికి వెళ్ళడం కూడా అటువంటివే. ఒక ఈత పిల్లలను మరొక ఈతతో వీలైనంత వరకు కలపరాదు. దొడ్డి ఖాళీ అయినప్పుడు పెంటను పూర్తిగా గీకి, కడిగి, సున్నం చల్లి ఎండనివ్వాలి. తడిగా ఉండగా కొత్త పందులను తోలితే కడిగిన ఫలితం ఉండదు. లంక గ్రామాలలో ఈ ఎండబెట్టడమే కష్టం. అక్కడ వర్షాకాలంలో ఈనిక రాకుండా పందులను దాటించే నెలలను ఎంచుకోవడం, ఈనే దొడ్డిని మెరక మీద కట్టుకోవడం మేలు.